వానపాలైన ఛుట్టీ

మా లక్డారం నుంచి చార్మినారుకు నలభై కిలోమీటర్లు, ఇంకో నాలుగైదు ఎక్కువ ఉంటాయేమో. పద్దెనిమిదేళ్లకు మా ఇంటి కోడలిగా వచ్చిన మా మరదలికి ఇప్పుడు 29 ఏళ్లు. ఈ పదకొండేళ్లలో ఆమె హైదరాబాదు వచ్చింది మూడుసార్లు. మూడుసార్లూ ఆసుపత్రి కోసమే. ఒకసారి మా నాన్న ఆఖరి రోజుల్లో, ఒకసారి పిల్లవాడికి డెంగీ వచ్చినప్పుడు, ఒకసారి తన కడుపునొప్పికి స్కానింగ్ కోసం. చార్మినారును ఆమె మొదట చూసింది మా నాన్న తాగే సిగరెట్ పెట్టె మీద.

అటువంటి మనిషి 2025 దసరా సెలవుల్లో రెండు రోజులు పట్నం చూడాలని తానే అనుకుని, తానే ఏర్పాటు చేసుకుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. ఆ రెండు రోజులూ వాన.

మా ఊరి గురించి కొంచెం చెప్పాలి. పటాన్‌చెరు దాటి ముంబై రోడ్డు మీద సంగారెడ్డి వైపు పోతుంటే పక్కకు తిరిగితే వస్తుంది. ఊరికంటే ముందు దుమ్ము కన్పిస్తుంది. క్వారీలు, క్రషర్లు, వరసగా టిప్పర్లు. బోర్లించిన గిన్నె మీద కూడా తెల్లటి పొర పేరుకుంటుంది. మేం వడ్డెరోళ్లం. క్రషర్లు రాకముందు మా అమ్మ ఎండలో గోనెసంచి పరుచుకుని, సుత్తెతో కంకర కొట్టింది. తట్టల లెక్కన కూలి. తమ్ముడు ఇప్పుడు టిప్పర్ నడుపుతాడు. మరదలు పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిచేస్తుంది, కాంట్రాక్టు లేబర్‌గా. నేను తెలుగు యాత్రా సాహిత్యం మీద డాక్టరేట్ చేసి, ఒక పరిశోధన ప్రాజెక్టులో పనిచేస్తూ, విద్యానగర్‌లో మూడో అంతస్తులో ఒక గదిలో ఉంటున్నాను. ముప్పై ఆరేళ్లొచ్చినా పెళ్లి లేదు కాబట్టి ఆ గదిని మా అమ్మ 'ఇల్లు' అనదు. 'నీ రూము' అంటుంది.

ఈ ప్రయాణం కోరిక మరదలికి ఎప్పుడు పుట్టిందో నాకు ఖచ్చితంగా తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 50 మందికి పైగా చనిపోయారు. బీహారు నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి బతకడానికి వచ్చిన పిల్లలు అందులో ఎందరో. మా మరదలు పనిచేసేది వేరే కంపెనీ. ఆ ఉదయం షిఫ్టులో ఉంది. చప్పుడు విని, చేతులకు గ్లవ్స్‌తోనే గేటు దాకా పరుగెత్తుకొచ్చిందట. తర్వాత చాలా రోజులు ఆమె దాని గురించి ఏం మాట్లాడలేదు. ఆగస్టులో నేను ఊరికి పోయినప్పుడు జొన్నరొట్టె చేస్తూ, నవ్వుతూ, "వదినా, సావొచ్చే లోపల చార్మినారన్న సూడాలె" అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "దసరాకు పోదాం" అన్నాను.

ఆమె దసరా వరకూ ఆగింది కానీ ఊరికే ఆగలేదు. కాంట్రాక్టు వాళ్లకు జీతంతో సెలవులుండవు. రాకపోతే కూలి పోతుంది, రెండుసార్లు రాకపోతే పేరు పోతుంది. అందుకని తోటి ఆడవాళ్లిద్దరితో మాట్లాడుకుని, శుక్రవారం ఒకామె, శనివారం ఒకామె తన షిఫ్టు చేసేటట్టు, తర్వాత వాళ్లు అడిగిన రోజు తాను వాళ్ల షిఫ్టు చేసేటట్టు ఒప్పందం చేసుకుంది. నెలసరి తేదీ లెక్కబెట్టుకుంటే సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతోంది. దాన్ని వాయిదా వేసే మాత్రలు కూడా తెచ్చుకుంది. పండక్కీ పెళ్లికీ దేవుడి దగ్గరికీ ఆడవాళ్లు ఆ మాత్రలు మింగడం తెలుసు. చార్మినారు కోసం మింగిన మనిషిని నేను ఈమెనే చూశాను.

సెలవు అనే మాట గురించి ఆ రోజుల్లో చాలాసార్లు ఆలోచించాను. చదువుకున్న తెలుగులో సెలవు అంటే అనుమతి. పెద్దవాళ్లు 'సెలవిస్తారు', మనం 'సెలవు తీసుకుంటాం'. ఎవరో ఇస్తే తప్ప లేనిది. పాత తెలుగులో దానికి ఖర్చు అనే అర్థం కూడా ఉంది. మా మరదలి వాడుకలో ఈ మాటే లేదు. ఆమె 'ఛుట్టీ' అంటుంది. వదిలిపెట్టడం, విడుదల. పిల్లల బడికి దసరా తాతీళ్లు, తమ్ముడికి క్వారీ బంద్ అయితే ఛుట్టీ. మరి ఆమెకు? కంపెనీ ఛుట్టీ ఆదివారం. ఆ రోజు వారం రోజుల బట్టలు ఉతుకుతుంది, పిండి పట్టిస్తుంది, ఇల్లు కడుగుతుంది. అంటే ఆమె అడిగింది చార్మినారును మాత్రమే కాదు. చార్మినారు దగ్గర వంట చేయనక్కర్లేదు.

గురువారం, సెప్టెంబరు 25 సాయంత్రం వాళ్లొచ్చారు. అమ్మ, తమ్ముడు, మరదలు, పదేళ్ల మేనకోడలు, ఏడేళ్ల మేనల్లుడు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఈ ప్రయాణం సాధ్యమైంది. ఉచిత బస్సు మీద వచ్చే జోకులన్నీ నేను విన్నాను. పనీపాటా లేక తిరుగుతున్నారని, సీట్ల కోసం కొట్టుకుంటున్నారని. పని లేకుండా తిరగడం మగవాళ్లకు పుట్టుకతో వచ్చిన హక్కు. ఆడవాళ్లు తిరిగితే అది ప్రభుత్వ సొమ్ము దుర్వినియోగం. తమ్ముడు మాత్రం దిగీ దిగగానే, "ముగ్గురికి జీరో టికెట్, నాకూ నా కొడుకుకే పైసలు" అని వాపోయాడు. అమ్మ జీరో టికెట్లు మూడూ మడిచి జాకెట్లో దాచుకుంది. ఎందుకని అడిగితే, "ఉండనీ, సాక్ష్యం" అంది.

మేనకోడలు ఒక కాగితం మీద ప్రోగ్రాం గీసి తెచ్చింది. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవని చెప్పాను కాబట్టి ఆ రోజు చార్మినార్, లాడ్‌బజార్‌లో గాజులు. శనివారం మ్యూజియం, జూపార్కు. ఆదివారం పొద్దున్నే ఊరికి, సద్దుల బతుకమ్మ పనులున్నాయి. కాగితం కింద జిరాఫీ బొమ్మ.

రాత్రికే వాన పట్టుకుంది. శుక్రవారం పొద్దున కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. "తొమ్మిదింటికి తగ్గుతది" అన్నాడు తమ్ముడు. తొమ్మిదికి "పన్నెండుకు" అన్నాడు. పన్నెండుకు నిద్రపోయాడు. అతన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వాన పడితే క్వారీ గుంతలో నీళ్లు నిండుతాయి, పని ఆగుతుంది, కూలి కూడా ఆగుతుంది. ఏళ్ల తరబడి అతని ఒంటికి వాన అంటే నిద్ర అని అలవాటు. మా ఇంట్లో ఆడవాళ్ల ఒంటికి వాన అంటే వేరు. కట్టెలు తడవకుండా చూడాలి, కురిసే చోట గిన్నె పెట్టాలి, బట్టలు ఆరేయడానికి చోటు వెతకాలి. ఊళ్లో స్లాబు ఇల్లు వేసి, గ్యాసు పొయ్యి వచ్చి ఇన్నేళ్లయినా అమ్మ తెల్లవారి నాలుగున్నరకే లేచి, కట్టెలు లేవు కాబట్టి ఏం సర్దాలో తెలియక నా పుస్తకాల బీరువా తుడిచింది.

ఆరుగురం, ఒక గది, రెండు బర్నర్ల పొయ్యి, ఒక బాత్రూం. నేను ఒక్కదాన్నే ఉండేటప్పుడు ఇది స్వేచ్ఛగా ఉండే గది. వర్జీనియా వుల్ఫ్ కోరిన సొంత గది మీద మన స్త్రీవాద పత్రికల్లో ఎన్ని వ్యాసాలు చదివాం! ఆ గదిలోకి ఇల్లు మొత్తం వచ్చి కూర్చుంటే ఏమవుతుందో ఆ రోజు చూశాను. పొద్దున బయట టిఫిన్ చేద్దామనుకున్నాం, కుదరలేదు, ఉప్మా. మధ్యాహ్నం మదీనా దగ్గర బిర్యానీ అనుకున్నాం, పప్పు, అన్నం, మామిడికాయ తొక్కు. పిల్లలకు మూడింటికల్లా మళ్లీ ఆకలి, బజ్జీలు. వాన చూస్తూ బజ్జీలు తినడం ఎంత బాగుంటుందో అందరూ అన్నారు. వేయించేవాళ్లకు కిటికీ వెనకవైపు ఉంటుంది. గదికి అడ్డంగా రెండు తాళ్లు కట్టి బట్టలు ఆరేశాం. అవి ఆరలేదు, నా థీసిస్ కాపీ మీద కారాయి. ఇన్వర్టర్ లేదు, రెండుసార్లు కరెంటు పోయింది. నేను కూరగాయలు కోశాను, గిన్నెలు కడిగాను, మేనల్లుడికి కథ చెప్పాను. అయినా పొయ్యి దగ్గర నుంచి మరదల్ని లేపడం నా వల్ల కాలేదు. "నువ్వు కూసో వదినా, నీకు అలవాటు లేదు" అంటుంది. నేను రోజూ వండుకునే పొయ్యి అది!

సాయంత్రానికి ఆమె మాట్లాడటం మానేసింది. కోపం కాదు. కొత్త చుడీదార్ వేసుకుని పొద్దున్నే తయారైన మనిషి, దాన్ని మడిచి సంచిలో పెట్టి పాత నైటీ వేసుకుంది. ఆ మడత పెట్టడం చూశాను.

నేను పరిశోధన చేసిన పుస్తకాలు అదే గదిలో ఉన్నాయి. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి, మన హైదరాబాదు మీదుగా కాశీకి పోయి 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. ఏ మజిలీలో బియ్యం దొరుకుతుంది, ఎక్కడ నీళ్లు మంచివి, దోవ రాళ్లదా రేగడా, ఏ వాగు ఎలా దాటాలి, అన్నీ రాసుకున్న శ్రద్ధ గల మనిషి. ఆయనంటే నాకు ఇష్టం. వెంట పెద్ద పరివారం, అందులో స్త్రీలూ ఉన్నారు. దొరికిన ఆ బియ్యం ఎవరు ఏరారు, వాన పట్టుకున్న మజిలీలో తడిబట్టలు ఎక్కడ ఆరేశారు, నెలసరి గుడ్డలు ఎక్కడ ఉతుక్కున్నారు అని మాత్రం మనకు తెలియదు. యాత్రా సాహిత్యంలో వాన అంటే ఒక వర్ణన లేదా ఒక ఆటంకం. వాన రోజున యాత్రికుడు ఆగిపోతాడు. అతని అన్నం ఆగదు. నా థీసిస్‌లో 'స్త్రీల యాత్రా రచనలు' అని ఒక అధ్యాయం రాశాను, నాయని కృష్ణకుమారిగారి 'కాశ్మీర దీపకళిక'కు అందులో చోటిచ్చాను. యాత్రలో వంట చేసిన స్త్రీల గురించి అధ్యాయం రాయాలంటే ఆధారాలు ఎక్కడ వెతకాలి? మా మరదలి వంటివాళ్లు రాయరు. రాసేవాళ్లకు వాళ్లు కన్పించరు.

శుక్రవారం రాత్రి పొద్దుపోయాక ఫోన్లలో వీడియోలు రావడం మొదలైంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. మూసీ నీళ్లు ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లోకి వచ్చేశాయి. దసరాకు ఊళ్లకు పోయే జనం, సంచులు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని, తాడు పట్టుకుని బయటికొస్తున్నారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్‌లో ఇళ్లు మునిగి జనాన్ని తరలిస్తున్నారు. గదిలో అందరం లేచి కూర్చున్నాం. మేనకోడలు భయపడి నా పక్కకొచ్చింది. ఆ పిల్లకు 1908 వరద గురించి చెప్పాను. ఇదే సెప్టెంబరు నెల, 28వ తేదీ. సుమారు పదిహేను వేలమంది చనిపోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. సరోజినీ నాయుడు వరద బాధితులకు చేసిన సేవకు బ్రిటిష్ వాళ్లు పతకమిచ్చారు, జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆమె దాన్ని వాపసు చేసింది. అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ మూసీకి చీర, నగలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని జనం చెప్పుకుంటారని కూడా చెప్పాను.

"చీరెందుకు?" అంది పిల్ల.

అమ్మ గోడకానుకుని కళ్లు మూసుకునే ఉంది. "ఆడిదానికి కోపమొస్తె ఒక చీరె పెడితె సల్లవడ్తదని మొగోళ్లు అనుకుంటరు బిడ్డా" అంది.

ఆ రోజు మొత్తంలో మరదలు నవ్వింది అప్పుడే.

ఇంకొక సంగతి వాళ్లకు చెప్పలేదు, ఇక్కడ చెప్తాను. మా పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలు ఎన్నో ఏళ్లు నక్కవాగులో కలిసి మంజీరలోకి పోయాయి. కోర్టు కేసులు నడిచాయి. తర్వాత శుద్ధి చేశామన్న ఆ నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరం మురుగుకాలువలో కలిపి, అంబర్‌పేట శుద్ధికేంద్రానికి మళ్లించారు. అంబర్‌పేట అంటే మూసీ ఒడ్డు. చార్మినారు దాకా రావడానికి మా మరదలికి పదకొండేళ్లు పట్టింది. ఆమె పనిచేసే చోటి మురుగునీళ్లకు టికెట్ కూడా లేకుండా ఎప్పుడో దారి దొరికింది.

శనివారం పొద్దున్న మా బిల్డింగులో మూడిళ్లలో పనిచేసే ఆమె నాకు ఫోన్ చేసింది. మూసీ పక్క బస్తీలో ఉంటుంది. ఇంట్లోకి నీళ్లొచ్చి పిల్లలతో సహా ఒక బడిలో ఉన్నారట. "కింది మేడమ్‌కు జర చెప్పుమ్మా, ఇయ్యాల రాను, పైసలు కోయొద్దని" అంది. ఇల్లు మునిగినందుకు కూడా సెలవు అడగాలి. చెప్పాను. కింది మేడమ్ "అయ్యో పాపం" అన్నారు, తర్వాత "మరి రేపు వస్తుందా?" అన్నారు.

పది దాటాక మరదలికి కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్. వానకు చాలామంది రాలేదు, ఆర్డర్ ఉంది, ఆదివారం ఫస్ట్ షిఫ్టుకు రావాలి. ఆదివారం ఆమె వారపు సెలవు. "నాకు ఆఫ్ కదా సార్" అంది, ఆ తర్వాత వింటూ ఉండిపోయింది, చివరికి "సరే సార్" అంది. అంటే సాయంత్రానికే బయల్దేరాలి. వాన తగ్గి తుప్పరగా మారింది కానీ మూసీ మీద దారులు కొన్ని మూసేశారు, ఉన్నవాటి మీద ట్రాఫిక్ కదలడం లేదు. చార్మినారు పోయి రావడం అయ్యే పని కాదు.

నాకు తట్టింది యూనివర్సిటీ. విద్యానగర్ నుంచి ఎంతో దూరం లేదు. "నేను చదువుకున్న కాలేజీ చూస్తావా?" అంటే మరదలు తలూపింది. తమ్ముడు పొయ్యి వైపు చూశాడు. అమ్మ అతనికి బియ్యం డబ్బా చూపించి, "ఇద్దరు మొగోళ్లున్నరు, వండుకోన్రి. మాకూ ఉంచున్రి" అంది. మా అమ్మ జీవితంలో ఆ మాట అనడం నేను వినడం అదే మొదలు. అతనేమీ అనలేదు. మేం తిరిగొచ్చేసరికి కిచిడీ చేశాడు, బాగానే ఉంది, కొంచెం మాడింది. ఆ కిచిడీ గురించి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటాడు.

నలుగురం ఆటోలో పోయాం. మరదలు సంచిలోంచి ఆ చుడీదార్ తీసి మళ్లీ వేసుకుంది. ఆర్ట్స్ కాలేజీ ముందు జనం లేరు. తడిసిన గులాబిరంగు రాయి. 1939లో ప్రారంభమైన భవనం, ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి పేరు అందరూ చెప్తారు. నేను ఆ మెట్లెక్కి దిగింది ఏడెనిమిదేళ్లు. ఎం.ఏ., ఆ తర్వాత పీహెచ్.డీ. నాకు అది ఉద్యమాల చోటు, క్లాసుల చోటు, స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందని ఎదురుచూసిన చోటు. మా అమ్మ మెట్ల దగ్గరే ఆగి గోడ మీద అరచెయ్యి పెట్టింది. లోపలికి పోదామంటే కదలదు. రెండు రాళ్ల మధ్య అతుకు మీద గోరుతో గీసింది.

"సూడు, చీమ గూడ దూరది" అంది. "మిషిని లేని కాలంల జేసిన్రు. ఉలి దెబ్బ ఎంత తేలిగ్గ ఏసిన్రో. ఒక్కని చెయ్యి గాదిది, శానామందిది."

"మనోళ్లేనా?" అంది మరదలు.

"రాయి పని ఇంకెవలు జేస్తరే!"

నిజంగా ఎవరు చేశారో నాకు తెలియదు. ఆ భవనంలో ఏళ్లు గడిపిన నేను ఆ రాయిని ఒక్కసారి కూడా ముట్టుకుని చూడలేదని మాత్రం అప్పుడు తెలిసింది. అమ్మకు అక్షరం రాదు. ఒక గంటసేపు ఆమె ఆ గోడను చదివింది. ఎక్కడ మూల తిప్పారో, కమాను రాళ్లు ఎలా నిలబెట్టారో, ఏ రాయి తర్వాత మార్చిందో మనవరాలికి చూపించింది. తాను సుత్తె పట్టిన కొత్తలో బొటనవేలు ఎలా చితికిందో చెప్పింది. నాకు ఎప్పుడూ చెప్పని సంగతులవి. మరదలు మెట్ల మీద తడిలోనే కూర్చుంది. ఫోటోలు దిగమంటే వద్దంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏమీ చేయకుండా, చాలాసేపు చెట్ల వైపు చూస్తూ కూర్చుంది. మేనకోడలు పిలిచినా లేవలేదు. నేను పిలవలేదు.

ఐదింటికి గదికొచ్చి, మాడిన కిచిడీ తిని, సగం ఆరిన బట్టలు కవర్లో కుక్కుకుని బస్సెక్కారు. పటాన్‌చెరు చేరేసరికి రాత్రయింది. అమ్మ జాకెట్లో జీరో టికెట్లు ఇంకా మూడు పెరిగాయి.

సద్దుల బతుకమ్మకు నేను ఊరికి పోయాను. గునుగు పూలు మా చిన్నప్పుడు గుట్ట మీద దొరికేవి. ఆ గుట్ట ఇప్పుడు నీళ్లు నిండిన గుంత. అటు పోవద్దని పిల్లల్ని రోజూ అరవాలి. పూలు రోడ్డు పక్కన తెంపుకొచ్చి, రాతిదుమ్ము పోయేదాకా రెండు నీళ్లలో కడిగి, మేనకోడలూ నేనూ తాంబాళంలో పేర్చాం. క్వారీ ఇంకా తెరవలేదు కాబట్టి తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు, తంగేడు కొమ్మలు తెచ్చిపెట్టాడు. మరదలు సెకండ్ షిఫ్టులో ఉంది. శుక్రవారం తన బదులు చేసినామె పండుగ రోజే కావాలని అడిగిందట. ఆమెకూ చిన్నపిల్లలున్నారు, కాదనలేకపోయింది. శనివారం చేసినామెకు ఒక షిఫ్టు ఇంకా బాకీ ఉంది.